తలుపు లేని ఇంటి ముందు నిలబడి

ఇల్లు కూలిన చోట తలుపు ఉండదు. అయినా బయట నిలబడి పిలవాలి. "ఇంట్ల ఎవరున్నరు?" అని అడగాలి. లోపలి నుంచి ఎవరైనా రమ్మన్నాకే కాలు పెట్టాలి. గోడలన్నీ నేలమీద పడి ఉన్నా, ఆ మట్టికుప్ప మధ్యలో నిలబడ్డ మనిషికి అది ఇల్లే. పిలవకుండా నేరుగా టేపు పట్టుకుని నడిచిపోతే ఆ మనిషి ఇక మనతో ఏ సంగతీ సరిగ్గా చెప్పదు. నేను చేసిన పనిలో అన్నిటికన్నా ముందు నేర్చుకున్నది ఇదే.

ఈమధ్య కామారెడ్డిలో కొత్తగా రెవెన్యూ ఉద్యోగంలో చేరిన పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. మైకు ముందు నిలబడేసరికి చెప్పాలనుకున్నవి సగం మరిచిపోయాను. ఆ మిగిలిన సగం ఇక్కడ రాస్తున్నాను.

పని ఏమిటంటే

నా పేరు సాయవ్వ. మాది ఎల్లారెడ్డి పక్క పల్లె. నా భర్త ఊరి సుంకరి. రెవెన్యూ కార్యాలయం తరఫున ఊళ్లో ఉండే మనిషి. ఆయన చనిపోయాక ఆ పని నాకు వచ్చింది. చాటింపు వేయడం, చెరువు కట్ట చూసి రావడం, సార్లు వస్తే ఇల్లూ పొలమూ చూపించడం, టేపు రెండో కొస పట్టుకోవడం. తర్వాత ఉద్యోగం పేరు మారింది, కూర్చునే చోటు మారింది. ఆ సంగతులు ఎవరికీ పనికిరావు.

పనికొచ్చేది ఒకటుంది. పెద్ద వాన పడి ఇండ్లు కూలినప్పుడు సార్లు వచ్చి పంచనామా చేస్తారు. ఊరివాళ్ల ఎదుట, చూసింది చూసినట్టు రాసే కాగితం అది. ఇల్లు ఎవరిది, ఎంత కూలింది, లోపల ఎవరు ఉంటున్నారు, ఏ సామాను పోయింది, అన్నీ అందులో ఉండాలి. సర్కారు సాయం దాన్నిబట్టే వస్తుంది. ఆ కాగితంలో లేని మనిషి ఆ ఇంట్లో ఎన్నడూ లేనట్టే.

పనిలో చేరినప్పుడు నాకు అక్షరం ముక్క రాదు. నలభై దాటాక, ఆడవాళ్లు బీడీలు చుట్టే అరుగు మీద సాయంత్రంపూట నడిచిన బడిలో నేర్చుకున్నాను. పంచనామాలో నా అంతట నేను కూడబలుక్కుని చదివిన మొదటి వాక్యం, దాని ఆఖరి వాక్యం. "పై సంగతులన్నీ చదివి వినిపించగా విని, సరియే అని ఒప్పుకుని వేలిముద్రలు వేసినాము." అన్నేళ్లలో ఎవరైనా ఎవరికైనా చదివి వినిపించగా నేను చూడలేదు.

అప్పుడు మాకు గిర్దావర్ సాబ్ ఉండేవాడు. గిర్దావర్ అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టర్. "సాబ్, ఈ మాట అన్ని కాయితాల మీద ఉంటదా?" అని అడిగాను.

"ఉంటది సాయవ్వా. చదివేటోడే ఉండడు" అని నవ్వాడు.

నవ్వి ఊరుకోలేదు. మరుసటి పంచనామా నుంచి చదివించడం మొదలుపెట్టాడు, అదీ నాతో. నేను ఒక్కో అక్షరం పట్టుకుని పోతుంటే జనానికి ఓపిక ఉండేది కాదు. "నువ్వు సదివేలోపు మేం కొత్త ఇల్లు కట్టుకుంటం సాయవ్వా" అని ఎగతాళి చేసేవాళ్లు. కానీ వింటూ ఉండేవాళ్లు. ఒకసారి ఒక ముసలామె మధ్యలో ఆపి, "నా ఆడబిడ్డ సుత మా ఇంట్లనే ఉంటది గదా, ఆమె ముచ్చట ఏది?" అని అడిగింది. చదవకపోతే ఆ ఆడబిడ్డ మాయమైపోయేదే.

తలుపులు కాదు, పొయ్యిలు

గిర్దావర్ సాబ్ కంటే ముందున్న ఒక సారు జీపు దిగేవాడు కాదు. అద్దం దించి, రోడ్డు మీద నుంచే తలుపులు చూసి రాయించేవాడు. ఒక తలుపుకు ఒక ఇల్లు, ఒక ఇంటికి ఒక కుటుంబం. చెడ్డవాడు కాదు. ఆయనకు బురద అంటే భయం. బురదంటే భయపడే మనిషిని వానల్లో ఇండ్ల మీదికి పంపకూడదు, అంతే.

గిర్దావర్ సాబ్ పద్ధతి వేరు. లింగంపేట దిక్కు ఒక ఊళ్లో పొడవాటి పెంకుటిల్లు సగం కూలింది. ఒకటే తలుపు. ఇంటి ముందు పెద్దమనిషి మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"ఇంట్ల పొయ్యిలు ఎన్ని ఉన్నయి బాపు?" అని సాబ్ అడిగాడు.

"మూడు సార్. నాదొకటి, పెద్దోనిదొకటి, ఎనక కిరాయికున్న మేస్త్రిదొకటి."

"మరి ఒక్క ఇల్లే అంటివి?"

"ఇల్లు ఒక్కటే సార్. వండుకునుడు మూడు."

సాబ్ మూడు కుటుంబాలు రాశాడు. తిరిగి వస్తుంటే నాతో అన్నాడు. "తలుపు చూస్తే మాలిక్ ఒక్కడే కనవడ్తడు. పొయ్యి చూస్తే ఉన్నోళ్లందరు కనవడ్తరు. కిరాయిదారుకు తలుపు ఉండదు సాయవ్వా, పొయ్యి ఉంటది."

ఆ తర్వాత ఏ ఇంటికి పోయినా నా కళ్లు ముందు పొయ్యినే వెతికేవి. మా దిక్కు గ్యాసు వచ్చినా జొన్నరొట్టెలకు మట్టి పొయ్యే. ఎంత చిన్న అర్రలో, అంటే గదిలో, ఉన్నా ఆడమనిషి తన పొయ్యి తను పెట్టుకుంటుంది. ఇంటి యజమానికి ఇంటి సాయం వస్తుంది. కిరాయికి ఉన్నవాళ్లకు ఇల్లు రాదు, రావలసిన పని లేదు. కానీ పోయిన బట్టలకు, వంటసామానుకు సాయం వాళ్లకు వేరుగా ఉంటుంది. ఇవి రెండూ వేర్వేరు సంగతులని జనానికి తెలియదు. పని ఒత్తిడిలో కొందరు సార్లకూ గుర్తుండదు.

సార్లు వస్తున్నారని అలికిన ఇండ్లు

మా ఆడవాళ్లు చేసే ఒక పొరపాటు ఉంది. దాన్ని పొరపాటు అనడానికి నాకే నోరు రాదు. ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే ఊడ్చి, అలికి, ముగ్గు వేయాలి. నీళ్లు తగ్గిన మర్నాడు, తహసీలు నుంచి సార్లు వస్తున్నారని నేను చాటింపు వేస్తే, సార్లు వచ్చేసరికి ఊరంతా తళతళలాడుతూ ఉండేది. గోడ మీద నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో చెప్పే బురద గీత ఉండదు. కరిగిపోయిన పొయ్యిని ఎత్తి బయట పారేస్తారు. విరిగిన పొయ్యి ఇంట్లో ఉండకూడదని పట్టింపు. నానిన బట్టలు ఉతికి ఆరేసి ఉంటాయి. సార్లు చూసి, "ఇక్కడికి నీళ్లు రానట్టున్నాయే" అనేవాళ్లు.

అందుకని చాటింపులో ఒక మాట కలిపాను. "సార్లు వచ్చేదాక గోడలు కడగకుండ్రి, పొయ్యి ఎత్తకుండ్రి, బురద బురదలెక్కనే ఉండనీయుండ్రి."

ఆడవాళ్లు నా మీదికి వచ్చారు. "ఏంది సాయవ్వా, పెద్ద సారు వచ్చి బురదల నిలవడాల్నా? మమ్ముల ఏమనుకుంటడు?"

"మంచిగ అనుకుంటే ఏమొస్తదే? ఉన్నది ఉన్నట్టు రాస్తే గద మంచిది."

"నీ ఇల్లు గిట్లనే పెట్టుకుంటవా?"

"నా ఇల్లు ఎప్పుడు గిట్లనే ఉంటది, వానతోని పని లేదు" అన్నాను. అందరూ నవ్వారు. కొందరు విన్నారు, కొందరు అలికారు. మనిషి అభిమానాన్ని చాటింపుతో ఆపలేం. కాబట్టి చేయవలసింది మనమే. బురద ఆరకముందే వెళ్లాలి. మళ్లీ ఒకసారి వెళ్లాలి. మట్టిగోడ వానలో నిలబడి, ఎండ కాసిన తర్వాత కూలుతుంది. నిన్న నిలబడి ఉందని రాసిన గోడను రేపు మళ్లీ చూడని వాడు చూసినట్టు కాదు.

నర్సింలు వెనక అర్ర

నా ఉద్యోగం చివరి రోజుల్లో వచ్చిన పెద్ద వానకు ఎల్లారెడ్డిలో చెరువు కింది గల్లీలోకి నీళ్లు వచ్చాయి. అక్కడ నర్సింలు ఇల్లు ఉంది. ముందు భాగంలో నర్సింలు, భార్య, తల్లి బాలవ్వ ఉంటారు. వెనక అర్రలో రజియా కిరాయికి ఉండేది. భర్త చనిపోయాడు. ఇద్దరు ఆడపిల్లలు. బీడీలు చుట్టి వాళ్లను చదివిస్తోంది. పెద్దపిల్ల పుట్టింది ఆ అర్రలోనే.

నీళ్లు వచ్చినప్పుడు అందరినీ బడిలోకి తరలించారు. నా చాటింపు గల్లీలో వినిపించింది గాని, బడిలో ఉన్న రజియాకు వినిపించలేదు. నీళ్లు తగ్గగానే ఆమె అర్రకు వచ్చింది. వెనక గోడ కూలిపోయి ఉంది. గిన్నెలు, బట్టల పెట్టె, బీడీ ఆకు అన్నీ కొట్టుకుపోయాయి. మర్నాడు శుక్రవారం. ఇల్లు బురదలో ఉంచి నమాజు ఎట్లా చేసుకోవడమని, కరిగిపోయిన పొయ్యి ఎత్తి పారేసి, నిలిచి ఉన్న మూడు గోడలూ అలికింది. పిల్లలను తీసుకుని మళ్లీ బడికి వెళ్లింది.

మేం వెళ్లింది అదే శుక్రవారం. నాతో కొత్తగా వచ్చిన నాయబ్ తహసీల్దారు ఉన్నాడు, మా చిన్న సారు. కుర్రవాడు, ఓపిక ఉన్నవాడు. ముందు భాగం చూసి వెనక్కి వచ్చాం. నేను అలవాటుగా పిలిచాను. ఎవరూ పలకలేదు. నర్సింలు వచ్చి, "ఈ అర్రల ఎవ్వరుంటలేరు సార్, కట్టెలు ఏసుకుంటం" అన్నాడు.

అర్ర శుభ్రంగా ఉంది. ఒక్క గిన్నె లేదు, గుడ్డ లేదు, పొయ్యి లేదు. చూసినవాడెవడైనా ఆ మాటే నమ్ముతాడు. సార్లు వచ్చారని బడిలో ఎవరో చెప్పినట్టున్నారు, సరిగ్గా అప్పుడే రజియా సందులోంచి పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆ మాట ఆమె చెవిన పడింది.

"ఏంది అన్నా, గట్ల అంటివి? నేను యాడికెల్లి వచ్చినట్టు మరి?"

నర్సింలు తల పక్కకు తిప్పుకున్నాడు. చిన్న సారు పైకి చూశాడు. వాసాల మీద, పెంకుల కింద, వంట పొగ నల్లగా పట్టి ఉంది. అంత ఎత్తుకు నీళ్లు రాలేదు, అలుకూ రాలేదు.

"కట్టెలు పెట్టే గదిలో ఇంత పొగ ఎట్లా వచ్చింది?" అని సారు అడిగాడు.

నర్సింలు ముఖం మాడిపోయింది. గల్లీ జనం మూగారు. సారు కలం తీశాడు. రాసేస్తే రజియా పేరు కాగితం ఎక్కేదే. నేను మాత్రం, "సార్, ఒక్క చాయ తాగుదాం" అన్నాను. ఆయన నా ముఖం చూసి ఆగాడు.

ఎందుకు ఆపానంటే, కాగితం మీద గెలిచి అర్ర పోగొట్టుకున్న కిరాయిదారులను నేను చూశాను. యజమానిని నలుగురిలో అబద్ధాలకోరును చేసి వెళ్లిపోతాం. మనం వెళ్లిన సాయంత్రమే ఆయన, కూలిన గోడ సాకు పెట్టి, సామాను బయట పెడతాడు. రజియాకు గిన్నెల సాయం ఎంత అవసరమో, తిరిగి వచ్చి ఉండే అర్ర అంతకంటే ఎక్కువ అవసరం. పిల్లల బడి అక్కడే, బీడీ కార్ఖానా అక్కడే. బీడీలు చుట్టుకునే ఒంటరి ఆడమనిషికి వాన తర్వాత కొత్త అర్ర ఎవరిస్తారు?

నర్సింలును వేపచెట్టు పక్కకు తీసుకుపోయాను.

"ఏంది తమ్మీ, ఎందుకు గట్ల చెప్పినవు?"

"నీకు తెల్వది సాయవ్వా. కిరాయిదాని పేరు సర్కారు కాయితంల ఎక్కిందంటే రేపు ఇల్లు ఆమెదైతది. హోటల్ల అందరు గదే అంటున్నరు."

"హోటల్ల చాయ మంచిగుంటది. కానూను మంచిగుండది."

చట్టం గురించి నేనన్న ఆ మాటకు నవ్వు రాలేదు అతనికి. కళ్లలో నీళ్లు ఉన్నాయి. "మా నాయిన కట్టిన ఇల్లిది. సగం వాన తిన్నది. మిగిలిన సగం కాయితం తింటదేమోనని నా భయం" అన్నాడు.

అప్పుడు నాకు అర్థమైంది, ఇది ఆశ కాదు, భయం. ఆశపడిన మనిషితో వాదించాలి. భయపడిన మనిషికి చూపించాలి.

"కాయితంల ఆమెను కిరాయిదారు అని రాస్తరు. అవునా? కిరాయిదారు అంటే ఇల్లు ఇంకొకలది అనే గద. ఆ కాయితం మీద ఆమెనే సంతకం పెడ్తది. ఇల్లు నీదని ఆమెనే ఒప్పుకున్నంక, నీకు అంతకన్న పెద్ద సాక్షి ఎవరు కావాలె?"

"గట్ల రాస్తరా నిజంగ?"

"నేనే చదువుత. నీ చెవులతోని విను. నచ్చకపోతే సంతకం పెట్టకు."

చదివి వినిపించగా విని

మేం తిరిగి వచ్చేసరికి నర్సింలు తల్లి బాలవ్వ మంచం మీద నుంచి లేచి, కర్ర పట్టుకుని వెనక్కి వచ్చి ఉంది. ఆమెకు చెవులు సరిగ్గా వినిపించవు. ఏం జరిగిందో ఎవరో చెప్పినట్టున్నారు.

"సార్, ఈ అర్రల పొయ్యి నేను పెట్టిచ్చిన" అంది గట్టిగా. "మా ఇంటికి ఎవలు కిరాయికొచ్చినా పొయ్యికి మొదటి మట్టిముద్ద ఇంటి పెద్దదాన్ని నేను పెడ్త. మా అత్త పెట్టేది, ఇప్పుడు నేను. ఆ మూలకే ఉండె పొయ్యి." కొడుకు వైపు తిరిగింది. "ఆ పొయ్యి మీది రొట్టెలు నువ్వు తినలేదురా? కట్టెల అర్ర అంటివట. కట్టెలు రొట్టెలు చేస్తయారా?"

జనం గొల్లుమన్నారు. నర్సింలు కూడా నవ్వకుండా ఉండలేకపోయాడు. "ఊకో అవ్వా, తప్పైంది. రాయుండ్రి సార్, ఆమె ఈడనే ఉంటది" అన్నాడు.

సారు రాశాడు. నాకు ఇచ్చాడు. నేను అందరికీ వినపడేలా చదివాను. "ఇంటి యజమాని నర్సింలు. ముందు భాగమున యజమాని కుటుంబము నివసించుచున్నది. వెనుక గదిలో రజియా, ఇద్దరు కుమార్తెలు కిరాయికి నివసించుచున్నారు. సదరు గది వెనుక గోడ పూర్తిగా కూలినది. కిరాయిదారు బట్టలు, వంటపాత్రలు నీటిలో కొట్టుకుపోయినవి."

"మొదటి మాట మళ్ల సదువు" అన్నాడు నర్సింలు.

"ఇంటి యజమాని నర్సింలు."

"ఇంకోసారి."

"నీ పెండ్లి పత్రిక కాదురా" అంది బాలవ్వ.

అతను సంతకం పెట్టాడు. రజియా ఉర్దూలో సంతకం పెట్టింది. పెట్టాక కలం వదలకుండా అలాగే నిలబడింది. ఆమె అడగవలసింది నేను అడిగాను.

"గోడ కట్టినంక అర్రల ఎవరుంటరు తమ్మీ?"

అతను తల్లి వైపు చూశాడు. "ఎవరుంటరు సాయవ్వా, ఆమెనే ఉంటది. ఎప్పటి కిరాయే" అన్నాడు.

ఈ మాట పంచనామాలో రాయలేదు. రాసే అధికారం మాకు లేదు. కిరాయి తగువు తెంపవలసింది కోర్టు. కొత్త పిల్లలు ఇది గుర్తుంచుకోవాలి. లేని అధికారం ఉన్నట్టు మాట్లాడితే, నమ్మినవాళ్లు తర్వాత నష్టపోతారు. కానీ నలుగురు వింటున్నప్పుడు ఒక మంచి మాట అడగడానికి ఏ అధికారమూ అక్కర్లేదు. తర్వాత చిన్న సారు సలహా మీద ఇద్దరూ విడిగా కిరాయి కాగితం రాసుకున్నారు. ఈసారి కాగితం కావాలని ముందు అడిగింది నర్సింలే.

సాయం ఆలస్యంగా వచ్చింది. ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది, ఆ విషయంలో నేనెవరినీ వెనకేసుకు రాను. కానీ ఇద్దరికీ వచ్చింది. ఒకరి వాటా ఇంకొకరి వాటాను తినలేదు. గోడ లేచేదాకా రజియా పిల్లలతో నస్రుల్లాబాద్‌లో అక్క ఇంట్లో ఉంది. ఈలోగా హోటల్లో నర్సింలు అందరికీ కానూను చెప్పడం మొదలుపెట్టాడని విన్నాను. అతను చెప్పాక ఆ గల్లీలో మరో ఇద్దరు యజమానులు తమ కిరాయిదారుల పేర్లు రాయించమని తహసీలు కార్యాలయానికి వచ్చారు. నేను పదేళ్లు చాటింపు వేసినా అంత పని జరిగేది కాదు.

తలుపు

ఉద్యోగం దిగిపోయాక ఒకరోజు ఎల్లారెడ్డి బజారుకు పోయి, ఆ గల్లీ మీదుగా వచ్చాను. వెనక అర్రకు ఇటుక గోడ లేచింది. రేకు తలుపు, దానికి నీలం రంగు. లోపలి నుంచి బాలవ్వ గొంతు వినిపిస్తోంది. పొయ్యికి మట్టి చాలా పలుచగా కలిపావని ఎవరినో తిడుతోంది.

నేను అలవాటుగా సందులో నిలబడి పిలిచాను. "ఇంట్ల ఎవరున్నరు?"

లోపల మాటలు ఆగాయి. రజియా నవ్వింది.

"సాయవ్వా, నీ గొంతే గద? తలుపు పెట్టుకున్నం ఇప్పుడు. కొట్టరాదూ!"

నిజమే. అన్నేళ్లు కూలిన ఇండ్ల ముందు నిలబడి పిలవడమే చేశాను. ముందుకు వెళ్లి తలుపు కొట్టాను.